ఉడుతకో విన్నపం

ఫోను ఇంకా భోజనాల బల్ల మీదే ఉంది. చెల్లెలు దాన్ని అక్కడ పెట్టి పావుగంటైనా ఎవరూ ముట్టుకోలేదు. లిఫ్టు మెకానిక్ తన టీ గ్లాసు వంక, అతని భార్య కిటికీ వంక చూస్తూ కూర్చున్నారు. చెల్లెలు మాత్రం నిలబడే ఉంది. రెండేళ్ళుగా ఆ గదిలో కాలు పెట్టని మనిషి, ఇవాళ పెట్టినా కూర్చోదలుచుకోలేదు.

"నిన్నే అడుగుతున్నా. ఇది రాసింది నువ్వా, కాదా?"

సొంత రాతలు గుర్తుపట్టడానికి మెకానిక్‌కి ఎంతోసేపు పట్టలేదు. 'టాప్‌ఫ్లోర్' అన్న మారుపేరు తనదే. దాని కింద, నాలుగు నెలలుగా 'ఉడుత' అనే ముక్కూ మొహం తెలియని మనిషికి తను పంపిన మెసేజ్‌లన్నీ వరసగా ఉన్నాయి. ఆ ఉడుత తన మేడ మీది వాటాలోనే కాపురం ఉంటోందని, నాలుగు నెలలుగా తన నెత్తి మీదే అటూ ఇటూ నడుస్తోందని అతనికి తెలిసి పావుగంట అయింది.

"ఎవడో అనుకున్నా," అన్నాడు.

"ఎవడో అయితే?"

అతను గ్లాసు పక్కకి జరిపాడు.

"చెప్పు అన్నయ్యా. ఎవడో అయితే ఇలా రాయొచ్చా? నేనని తెలిస్తే రాసేవాడివి కాదా? అదే నీ గొప్పా?"

సమాధానం లేనప్పుడు ఎదురుదాడికి దిగడం మెకానిక్‌కి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇన్నాళ్ళూ దొంగలా మారుపేరు వెనక ఎందుకు దాక్కున్నావని గద్దించాడు. ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పకుండా చేసే పని ఏం పని అన్నాడు. చెప్పడానికి నువ్వు నాతో మాట్లాడితే కదా అని చెల్లెలు అంది. మెట్ల దగ్గర ఎదురుపడితే గోడ వైపు తిరిగిపోయే మనిషికి గోడ మీద రాసి చెప్పాలా అంది. ఆ మాటకి మెకానిక్ భార్య మొహం పక్కకి తిప్పుకుంది. అది నవ్వో ఏడుపో అతనికి అర్థం కాలేదు గానీ కోపం మాత్రం ఇంకో మెట్టు ఎక్కింది.

పక్క గదిలో తల్లి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. కంప్యూటరు ఆపేసి ఉంది. గురువారం నుంచీ ఆవిడ అలాగే కూర్చుంటోంది. అన్నానికి పిలిస్తే వస్తుంది, తింటుంది, మళ్ళీ వెళ్ళి నల్లటి తెర ముందు కూర్చుంటుంది.

టెలిఫోన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పని చేసి రిటైరైన ఆవిడకి మూడేళ్ళ క్రితం ఒక కంప్యూటరు ఆట పట్టుబడింది. అందులో యుద్ధాలూ చంపుకోవడాలూ లేవు. ఒక చిన్న ఊరు కట్టుకోవాలి, వీధులు వెయ్యాలి, అంగళ్ళు తెరవాలి, వచ్చిన జనంతో మాట్లాడాలి. మొదట్లో ఇంట్లో అందరూ నవ్వారు. తర్వాత ఒక కన్ను పోయింది, రెండోదీ మసకేసింది, అప్పుడు ఆ ఊరే ఆవిడకి ఊతమైంది. ఆటలో అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయి, పైగా అంతా పరభాష. అలాంటి సమయంలో ఏడాదిన్నర క్రితం ఉడుత మాడ్ దొరికింది.

మాడ్ అంటే మరేం కాదు. ఆట చేసిన కంపెనీ వాళ్ళు కాదు, ఆడేవాళ్ళలోనే ఒకరు తీరిక వేళల్లో కూర్చుని తయారుచేసి, అందరికీ ఊరికే పంచిపెట్టే చేర్పు. ఉడుత చేసిన మాడ్ వేసుకుంటే ఆటలోని మాటలన్నీ నల్లటి పలక మీద పసుపు రంగులో, బొటనవేలంత తెలుగు అక్షరాల్లో కనిపిస్తాయి. ఒక్క మనిషి, పగలంతా దంతాల ల్యాబులో పళ్ళ సెట్లు అరగదీసి, ఆదివారాలు కూర్చుని పదకొండు వేల వాక్యాలు తెలుగు చేసింది. ఊరికే ఇచ్చిన ఆవుకి పళ్ళు ఎంచినవాడు మాత్రం ఆమె సొంత అన్నే.

"మొత్తం చదవనా?" అంటూ భార్య చివరికి ఫోను అందుకుంది. వద్దని అతను అనేలోపే మొదలుపెట్టింది. ఆమె గొంతులో ఎత్తూ లేదు, దించూ లేదు. బస్సుల వేళలు చదివినట్టు చదివింది.

"పసుపు రంగు దరిద్రంగా ఉంది, మార్చు." ఇది నాలుగు నెలల కిందటిది. "పనిచేయట్లేదు. వెంటనే బాగుచెయ్." ఇది గురువారం రాత. "రెండు రోజులైంది, చచ్చావా? చేతకానప్పుడు ఎందుకు పెట్టావ్?" ఇది నిన్న పొద్దుటిది. "ఊరికే ఇచ్చిన సరుకు ఇలాగే ఏడుస్తుంది. మా ఊరు పోయింది, దానికి నువ్వే బాధ్యుడివి. ఆదివారం లోపల సరిచెయ్యకపోతే నీ పేజీ నిండా ఏం రాయిస్తానో చూడు." ఇది నిన్న మధ్యాహ్నానిది. దీంతో పాటు సాక్ష్యంగా ఆగిపోయిన తెరని ఫొటో తీసి పెట్టాడు. ఆ ఫొటో మూలన, కీబోర్డు పక్కన, విరిగిన కాడకి రాగితీగ చుట్టిన తల్లి కళ్ళజోడు పడింది. రెండేళ్ళ కిందట ఆ తీగ చుట్టింది చెల్లెలే. అలా దొరికిపోయాడు.

"నిన్న సాయంత్రం మాడ్ తీసేశాను," అంది చెల్లెలు. "పేజీ ఉంచాను, మాడ్ తీసేశాను. ఇక నా వల్ల కాదని రాశాను. ఇప్పుడు ఎంతమందికి పోయిందో తెలుసా? నాలుగొందల పైచిలుకు మంది వాడుతున్నారు."

అలిగి జనం నోట్లో మట్టి కొట్టావన్నమాట, అన్నాడు మెకానిక్.

అప్పుడు చెల్లెలు వదిన చేతిలోంచి ఫోను తీసుకుని, వేలితో పైకి జరిపి, మళ్ళీ వదిన చేతికే ఇచ్చింది. ఇదీ చదువు వదినా, అంది. అది ఎవరో బస్సు కండక్టరు రాసింది. తన తండ్రి ఈ మాడ్ వల్లే ఆడగలుగుతున్నాడని ముందు రాశాడు. ఏ రోజు ఆగింది, అంతకు ముందు ఏం మార్చాడు, తెర మీద ఏ మాట కనిపించింది, అన్నీ తెలిసినంతలో చెప్పాడు. మీ ఇంట్లో పనులు, ఆరోగ్యం ముందు చూసుకోండి, ఇప్పటిదాకా ఇచ్చిందే చాలా ఎక్కువ అని ముగించాడు. మాడ్ తీసేశాక కూడా అతను ఒక్క మాట అనలేదు. ఎవరో మీ మనసు కష్టపెట్టినట్టున్నారు, వాళ్ళ తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను అని మాత్రం రాశాడు.

"నీ తరఫున," అంది చెల్లెలు. "నువ్వెవరో తెలియని మనిషి."

మెకానిక్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది, ఎవరూ ఎత్తలేదు.

"సరే, తప్పు నాదే. ఉరి తియ్యండి. అమ్మ మూడు రోజుల్నుంచీ మాట్లాడటం లేదు. అమ్మ కోసమైనా చేస్తావా, చెయ్యవా?"

"అమ్మని అడ్డం పెట్టుకోకు."

"అమ్మ కన్ను తీసినదానివి, ఆ మాత్రం చెయ్యలేవా?"

రెండేళ్ళ క్రితం ఆసుపత్రి వరండాలో, పదిమంది వింటుండగా అతనన్న మాటే ఇది. ఆపరేషన్ చేయిద్దామని పట్టుబట్టింది చెల్లెలు. చేసిన పదో రోజున, చూపు ఇక రాదని డాక్టరు చెప్పాడు. అమ్మ కన్ను నువ్వే తీశావని అతను అన్నాడు. ఆ రోజు మేడ ఎక్కిన చెల్లెలు మళ్ళీ కింది వాటాలో అడుగుపెట్టింది ఇవాళే.

ఆమె అరవలేదు. "ఆ కన్ను నేను తెచ్చివ్వలేను. రోజూ నిద్రపోయే ముందు అదే అనుకుంటా. అక్షరాలైనా పెద్దవి చేద్దామనుకున్నా. అదీ నీకు నచ్చలేదు."

వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగింది. ఏదైనా కావాలంటే పేజీలోనే అడగమంది, అందరిలాగా. ఎలా అడగాలో అక్కడే పైన రాసిపెట్టానని, ఈసారైనా చదవమని చెప్పి మేడ ఎక్కేసింది.

ఆమె అడుగులు పైకి చేరాక, పక్క గదిలోంచి తల్లి పిలిచింది. గురువారం తర్వాత ఆవిడ పిలవడం అదే మొదలు. మెకానిక్ పరుగున వెళ్ళాడు. ఇంకో ఊరు కొత్తగా మొదలుపెడదామమ్మా, నేను పక్కన కూర్చుని కట్టిస్తా, మొదటి దానికంటే పెద్దది కడదాం అన్నాడు.

తల్లి తల అడ్డంగా ఊపింది. "గడియారం వీధి నుంచి బేకరీకి పద్నాలుగు నొక్కులు. బేకరీ నుంచి వంతెనకి ఎడమ వైపు తొమ్మిది. కళ్ళున్నప్పుడు నేర్చుకున్న దారులురా అవి. చూపు మొత్తం పోయినా నా ఊళ్ళో నేను తిరగగలను. కొత్త ఊరు నేర్చుకునేంత చూపు నాకిప్పుడు లేదు."

ఆ ఊరు ఆవిడకి ఏమిటో మెకానిక్‌కి అప్పటిదాకా తెలియదు. పొద్దుపోని ముసలామె కాలక్షేపం అనుకున్నాడు. ఆవిడ రాబోయే చీకటికి దారులు వేసుకుని పెట్టుకుంటే, తను గురువారం ఆట కొత్త వెర్షన్‌కి సరే అని ఒక్క బటను నొక్కి వాటిని పోగొట్టాడు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు," అంది తల్లి. "వెళ్ళి మర్యాదగా అడుగు."

అడగడం మొదలుపెట్టాడు. మొదటిసారి రాసింది ఒకటే వరస: 'సరే, తప్పయింది, ఇప్పుడు మాడ్ పెట్టు.' భార్య చదివి, ఇది అడగడమా, హుకుం చెయ్యడమా అంది. రెండోసారి, తనెంత ఒత్తిడిలో ఉన్నాడో, ఉద్యోగంలో ఎన్ని తలనొప్పులో పేజీడు రాశాడు. ఇందులో ఆమె గురించి ఏదీ అని భార్య అడిగింది. మూడోసారి మళ్ళీ తల్లి కళ్ళ గురించే రాశాడు. భార్య ఈసారి చదవకుండానే చెరిపేసింది.

నువ్వే రాయవచ్చుగా, పెద్ద పంతులమ్మవి, అని విసుక్కున్నాడు. తిట్లు నన్నడిగి రాశారా అని ఆమె అంది.

ఇంతలో అతని డ్యూటీ ఫోను మోగింది. ఏదో అపార్టుమెంటు సెక్రటరీ. లిఫ్టు పనిచేయట్లేదు, వెంటనే రావాలి, ఏం మనుషులయ్యా మీరు అని అరుపులు. మెకానిక్ కణతలు ఉబ్బాయి. ఏ అంతస్తులో ఆగింది, తలుపు తెరుచుకుంటోందా లేదా, ఆగేముందు చప్పుడేమైనా వచ్చిందా, ఎవరైనా ఏమైనా నొక్కారా, ఇవి చెప్పకుండా అరిస్తే నేను జోస్యం చెప్పుకుని రావాలా, లిఫ్టులో అంత పెద్ద కాగితం అంటించాను, అది చదివే దిక్కు లేదా అని ఒకటే దులుపు. అవతలివాడికి తన బదులు ఇంకో మనిషిని పంపే ఏర్పాటు చేసి ఫోను పెట్టేశాక చూస్తే, భార్య చేతులు కట్టుకుని అతన్నే చూస్తోంది. ఆమె ఏమీ అనలేదు. అంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేవాడు.

అతను ఉడుత పేజీ తెరిచి, పైన ఎర్ర అక్షరాల్లో ఉన్నది మొదటిసారి చదివాడు. 'ఆటకి కొత్త వెర్షన్ వచ్చింది. నేను చెప్పేదాకా దానికి మారకండి. ముందు మీ ఊరికి నకలు తీసి దాచుకోండి.' ఈ రాత పదిహేను రోజుల నాటిది. అతను సరే నొక్కింది గురువారం.

మధ్యాహ్నం భోజనం మానేసి ఇలా రాశాడు.

'ఉడుత గారికి. టాప్‌ఫ్లోర్ పేరుతో మిమ్మల్ని తిట్టింది నేనే. ఆ తిట్లు చెరపను, నేనేం రాశానో అందరికీ కనపడాలి. మీ మాడ్ మా అమ్మ ఏడాదిన్నరగా వాడుతోంది. ఎవర్నీ పిలవకుండా తన ఊరి జనంతో తనే మాట్లాడుకునేది. అందుకు మీకు ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

జరిగింది ఇది. గురువారం సాయంత్రం ఆరు దాటాక, ఆట కొత్త వెర్షన్‌కి మారాలా అని అడిగితే సరే నొక్కాను. నకలు తీయలేదు. పాత ఊరిని మార్చాలా అని ఇంకేదో అడిగింది, అదీ చదవకుండా సరే నొక్కాను. ఇప్పుడు ఊరి పేరు కనిపిస్తోంది, తెరిస్తే నల్లగా అయి ఆగిపోతోంది. మూడుసార్లు తెరిచి చూశాను, తర్వాత ముట్టుకోలేదు. వేరే మాడ్‌లేవీ లేవు.

తప్పు మాడ్‌ది కాదు, నాది. మీరు వద్దని రాశారు, నేను చదవలేదు. నాకిది జబ్బు. ఎవరు ఏ కాగితం చేతికిచ్చినా జేబులో పెట్టుకుంటాను, చదవను. ఆ ఊరు మళ్ళీ తెరుచుకునే దారి ఉంటే, మీకు తీరిక దొరికినప్పుడు చెప్పండి. లేకపోతే లేదని చెప్పినా చాలు, అమ్మకి నేనే చెప్పుకుంటాను.'

భార్య రెండుసార్లు చదివింది. ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఫోను తిరిగిచ్చి, పడిపోయిన కుర్చీ ఎత్తి బల్ల దగ్గర వేసింది. అతను పంపే బటను నొక్కాడు.

గంట గడిచింది. పైన నడక ఆగిపోయింది. అతను ఫోను పట్టుకుని తల్లి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. జవాబు వస్తే చదివి వినిపించమని ఆవిడ ముందే అడిగింది.

వచ్చింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"టాప్‌ఫ్లోర్ గారికి. ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్. పేరు కనిపిస్తోందంటే ఊరు చెరిగిపోయి ఉండకపోవచ్చు. మీ ఊరు దాచి ఉండే సేవ్స్ అనే ఫోల్డరు ఉన్నదున్నట్టుగా పంపండి. మీరు మాత్రం దేన్నీ తెరవకండి. ఆదివారాలే నాకు తీరిక, రెండు మూడు వారాలు పట్టొచ్చు. మాట ఇవ్వలేను, ప్రయత్నిస్తాను."

సొంత చెల్లెలు తనని 'గారు' అనడం, 'మీరు' అనడం అతనికి చెంపదెబ్బలా తగిలింది. అయినా తల్లి మొహం చూసి ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ కుడిచేతి వేళ్ళు అప్పుడే బల్ల మీద ఏదో వీధిలో నడుస్తున్నాయి.

ఫోను మళ్ళీ మోగింది.

'ఇంకొక్క విషయం. కాగితం చేతికిస్తే చదవనని మీరే రాశారు కాబట్టి అడుగుతున్నాను. మీ అమ్మగారి కంటి ఆపరేషన్ అయిన రోజు, ఇంటికి పంపేముందు నర్సు మీ చేతికి ఒక కాగితం ఇచ్చింది. అన్నీ ఇందులో రాసున్నాయి, చదవండి అంది. నేను మందుల కిటికీ దగ్గర నిలబడి చూశాను. అది చదివారా?'

మెకానిక్ ఫోను తెరని అరచేత్తో మూశాడు.

చదివాడు. తొమ్మిదో రోజున, యూనిఫాం ఉతకడానికి వేస్తూ జేబు తడుముకున్నప్పుడు చదివాడు. ఏడు రోజులపాటు రోగిని బోర్లానే పడుకోబెట్టాలి, వెల్లకిలా పడుకోనిస్తే చూపు దక్కదు అని అందులో పెద్ద అక్షరాలతో ఉంది. అతను తల్లిని మూడు దిండ్లు వేసి, దుప్పటి కప్పి, ఎంతో ప్రేమగా వెల్లకిలా పడుకోబెట్టాడు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఏదో లిఫ్టు అడుగు గుంటలో పారేశాడు. ఆ మర్నాడే వరండాలో నిలబడి, అమ్మ కన్ను నువ్వే తీశావని చెల్లెల్ని అన్నాడు.

"ఇంకోటి వచ్చినట్టుందే," అంది తల్లి.

తలుపు దగ్గర నిలబడ్డ భార్య అతని మొహం చూసి, ఏమైందండీ అంది. అబద్ధం చెప్పడం చాలా తేలిక. తల్లికి తెర కనపడదు. ఫోల్డరు తొందరగా పంపమంది అంటే సరిపోతుంది.

తల్లి చూపున్న కంటిని అతని వైపు తిప్పింది. ఆ కంటికి అతను ఒక నీడలా కనిపిస్తాడంతే.

"ఏముందిరా అందులో?"

ఆసుపత్రి మెట్లు దిగుతూ, కంటికి కట్టుతో, అతని జేబులో కాగితం గరగరలు విని ఆవిడ ఇదే మాట అడిగింది. ఏం లేదమ్మా, పద, అన్నాడతను ఆ రోజు.

పైన కుర్చీ జరిగింది. తలుపు గడియ తీసిన చప్పుడు, తర్వాత మెట్ల మీద ఒక్కో అడుగూ వినిపించాయి. చెల్లెలు దిగి వస్తోంది.

"చదువు," అంది తల్లి.